కుక్కను ఇంకెవరు ముట్టుకున్నారు?

"గొంతులో ఎముక అడ్డం పడిందండి డాక్టరుగారండి. రెండ్రోజుల్నించి మంచినీళ్ళు కూడా దిగట్లేదండి."

1983 వేసవి. కోనసీమలో ఒక చిన్న ఊరి పశువుల ఆసుపత్రి. తిరుపతి పశువైద్య కళాశాల నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చి నాకింకా ఏడాది నిండలేదు. కాలువలు కట్టేసిన రోజులు. బోదెల్లో బురద ఎండి పెచ్చులు లేస్తోంది. అప్పట్లో మా ఆసుపత్రికి వచ్చేవి గేదెలు, ఆవులు, దుక్కిటెడ్లు. కుక్కను వైద్యానికి తేవడమే ఓ వింత. అందుకని ఆ పెద్దాయన తన నల్లకుక్కను రిక్షాలో పడుకోబెట్టి తెస్తే చుట్టూ పదిమంది మూగారు.

కుక్క కింది దవడ వేలాడుతోంది. చొంగ తీగలా సాగి నేల దాకా కారుతోంది. మొరగబోతే గొంతు బొంగురుపోయి గాలి మాత్రమే వస్తోంది. ఎవరి మీదికీ రావడం లేదు, అసలు మమ్మల్నెవర్నీ పట్టించుకోవడమే లేదు. "పాపం, ఎంత బుద్ధిగా ఉందో చూడండి" అని జాలిపడ్డారు ఎవరో. నేను చొక్కా చేతులు పైకి మడిచి, కాంపౌండరుగారిని దవడ పట్టుకోమని, కుక్క నోట్లో చెయ్యి పెట్టాను. గ్లవ్స్ లేవు. ముందురోజు ఓ గేదెకు అడ్డం తిరిగిన దూడను తాడేసి లాగితే ఒరుసుకుపోయిన గీతలు అరచేతి నిండా ఉన్నాయి. నాలుక మొదలు దాకా వేళ్ళు పోనిచ్చి వెతికాను.

ఎముక లేదు.

లేదని వేళ్ళకు తెలిసిన మరుక్షణం నాకు చదువుకున్న పేజీ గుర్తొచ్చింది. పిచ్చికుక్క అనగానే అందరికీ తెలిసింది పరుగులు పెట్టి, కనిపించినదాన్నల్లా కరిచే కుక్క. రేబిస్‌లో మూగరకం ఇంకోటి ఉంది. దవడ కండరాలు, గొంతు కండరాలు చచ్చుపడిపోతాయి. మింగలేదు కనుక చొంగ కారుతుంది. చూసినవాళ్ళకు గొంతులో ఏదో ఇరుక్కున్నట్టే ఉంటుంది. ఇంటివాళ్ళు ఎముక అంటారు, కొత్త డాక్టరు చెయ్యి పెడతాడు. ఫైనలియర్ పరీక్షలో ఈ ప్రశ్నకు నేను మూడు పేజీలు రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆసుపత్రి వెనకున్న బోరింగు దగ్గరికి పరిగెత్తాం. కాంపౌండరుగారు కొడుతుంటే నేను, నేను కొడుతుంటే ఆయన, మోచేతుల దాకా బట్టల సబ్బుతో పావుగంట సేపు కడుక్కున్నాం. ఆ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. అందుకే కుక్క కరిచినప్పుడు మొదటి మందు సబ్బు, నీళ్ళు. అది చదువుకున్న విషయమే. అయినా ఆ రోజు కడుక్కుంటుంటే మాత్రం ఎంత కడిగినా చాలదనిపించింది.

కుక్క మూడో రోజున పోయింది. తల కోసి, మెదడులో కొంత గ్లిజరిన్ సెలైన్‌లో వేసి, ప్యూనుకు ఇచ్చి హైదరాబాదు ల్యాబుకు పంపాం. ఫలితం కోసం ఆగే పని లేదు, సూదులు వెంటనే మొదలుపెట్టాలి. ఎవరెవరికి? పెద్దాయన ఇంటికి వెళ్ళి వరండాలో కూర్చుని కాగితం మీద రాశాను. పెద్దాయన, కొడుకు, కోడలు. నేను, కాంపౌండరు. ఐదుగురం. "మీ ఇంట్లో ఇంకెవరైనా కుక్కను ముట్టుకున్నారా అండి?" అని రెండుసార్లు అడిగాను. "ఆయ్, ఇంతేనండి" అన్నారు.

అప్పటి వ్యాక్సిన్ సంగతి ఈ తరానికి తెలీదు. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు తయారుచేసిన పద్ధతి అది. గొర్రె మెదడులో రేబిస్ వైరస్‌ను పెంచి, ఫీనాల్‌తో చంపి, ఆ మెదడు ద్రావణాన్నే పొట్ట చర్మం కింద ఎక్కిస్తారు. రోజుకొకటి చొప్పున, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మూడో రోజుకల్లా పొట్ట మీద నిమ్మకాయంత గడ్డలు లేచాయి. ఎటు తిరిగి పడుకున్నా నొప్పే. పంచె కూడా బొడ్డు కిందికి దింపి కట్టుకునేవాణ్ణి. ఆ వ్యాక్సిన్‌తో ఇంకో తంటా ఉంది. గొర్రె మెదడు పదార్థం పడక, ఎక్కడో ఒకరికి, కాళ్ళు చచ్చుపడే ప్రమాదం ఉంది. నాతో వరసలో నిలబడ్డవాళ్ళకు అది తెలీదు. నాకు తెలుసు. రాత్రిళ్ళు మెలకువొచ్చినప్పుడల్లా దుప్పటి కింద కాలివేళ్ళు కదిపి చూసుకునేవాణ్ణి.

ఐదో రోజు సూది వేయించుకుని బస్సు కోసం నిలబడి ఉండగా కాంపౌండరుగారు మామూలు మాటల్లో అన్నారు. "పాలేరు కుర్రాడు ముందే చెయ్యి పెట్టి చూశాడంటండి. ఎముక ఎంత లోతుగా ఉందోనని."

నా గొంతు ఆరిపోయింది.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. "మీ ఇంట్లో" అని అడిగాను, వాళ్ళింట్లోవాళ్ళను చెప్పారు. పాలేరు ఆ ఇంట్లోవాడు కాడు కదా. పన్నెండేళ్ళవాడు. కుక్కకు అన్నం పెట్టేది వాడే, కట్టేది, విప్పేది వాడే. ఆ ఊళ్ళో ఆ కుక్కను అందరికంటే ఎక్కువ ముట్టుకున్నది వాడు, నా కాగితం మీద లేనిది కూడా వాడే.

ఆ సాయంత్రమే వాళ్ళ పాకకు వెళ్ళాం. తల్లి అప్పటికే పక్క ఊరి నుంచి పసరు తెచ్చి తాగించింది, పథ్యం కూడా పెట్టింది. "పసరు పడ్డాక సూది వేస్తే విరుగుడైపోద్దంటండి బాబుగారండి" అంది. నేను వైరస్ గురించి ఏదో చెప్పబోయాను. కాంపౌండరుగారు నన్ను వెనక్కి జరగమని కళ్ళతోనే సైగ చేసి, ఆవిడతో, "పసరు మానెయ్యమని ఎవరన్నారమ్మా? పథ్యం చెయ్యనీ. సూది కూడా పడనీ. రెండు తాళ్ళతో కడితే గొడ్డు ఎక్కడికి పోద్ది?" అన్నారు. ఆవిడ ఒప్పుకుంది. అసలు అడ్డంకి పసరు కాదని తర్వాత తెలిసింది. పద్నాలుగు రోజులు కొడుకుతో ఆసుపత్రికి తిరిగితే పద్నాలుగు రోజుల కూలి పోతుంది. బస్సు చార్జీలు పెద్దాయన ఇచ్చారు. కూలి డబ్బుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

ల్యాబు జవాబు పోస్టులో వచ్చేసరికి మా సూదులన్నీ అయిపోయాయి. మెదడు కణాల్లో నెగ్రి బాడీలు కనిపించాయని రాశారు. 1903లో ఇటలీ శాస్త్రవేత్త అడెల్చి నెగ్రి మొదట చూసిన మచ్చలవి. కనిపించకపోతే రేబిస్ లేదని అనలేం, కనిపిస్తే మాత్రం ఉన్నట్టే. రేబిస్ సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది, అరుదుగా ఏడాది దాటాక కూడా. ఆ ఏడాదంతా మంచినీళ్ళు తాగుతూ గుటక సరిగ్గా దిగిందా లేదా అని చూసుకున్నాను. ఆ కుర్రాడు ఎదురుపడితే నా జేబులో ఏమున్నా ఇచ్చి సోడా తాగమనేవాణ్ణి. వాడు గటగటా తాగుతుంటే గొంతు వంక చూస్తూ నిలబడేవాణ్ణి. వాడికేం కాలేదు. మాకెవరికీ కాలేదు. నేనెందుకు సోడా తాగిస్తున్నానో వాడికి చివరిదాకా తెలీదు.

తర్వాత పీజీకి వెళ్ళాను. పశువైద్యంలోనే మెడిసిన్ విభాగంలో చేరి కుక్కల జబ్బుల మీద పనిచేస్తానంటే సీనియర్లు నవ్వారు. పశువైద్యం అంటే పాడి, ఆ పాడి గేదెను వదిలేసి కుక్క వెనకాల పడతావా అని. వాళ్ళదీ తప్పు కాదు, అప్పటికి కుక్కలు తెచ్చేవాళ్ళు ఎంతమందని? పెళ్ళి చూపుల్లో మా అత్తగారు "అబ్బాయి డాక్టరు" వరకూ గర్వంగా చెప్పి, "ఏం డాక్టరు?" అని ఎవరైనా అడిగితే కాఫీ తీసుకురావడానికి లేచి వెళ్ళిపోయేవారట. ఆవిడ పోయేదాకా నన్ను "కుక్కల డాక్టరు" అనలేదు. "కాలేజీ లెక్చరరు" అనేవారు.

కాలం మారింది. 1978లో ప్రపంచానికి కొత్తగా పరిచయమైన పార్వో వైరస్ మన దగ్గరకూ వచ్చి, రక్తపు విరేచనాలతో కుక్కపిల్లలను మంచాన పడేయడం మొదలుపెట్టాక ఓపీలో కుక్కల వరస పెరిగింది. ఆ వాసన ఒకసారి పట్టుబడితే గుమ్మంలోకి రాకముందే చెప్పేయొచ్చు, అది పార్వో అని. తర్వాత పిడుదులతో వచ్చే ఎర్లీషియా, ముక్కు వెంట రక్తాలు. మొదట పొమరేనియన్లు, తర్వాత లాబ్రడార్లు, ఇప్పుడు భీమవరం ఎండల్లో ఏసీ గదుల్లో హస్కీలు. ఆ చివరిదాని గురించి నా అభిప్రాయం అడక్కండి. 1998లో గన్నవరంలో పశువైద్య కళాశాల వచ్చింది, 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. నా పదోన్నతులు, బదిలీలు, సెమినార్లు అన్నీ వాటి మధ్యే జరిగిపోయాయి. చెప్పుకోదగ్గ విశేషాలేం లేవు.

మధ్యలో ఒక మిత్రుడి సంగతి మాత్రం చెప్పాలి. నాతోపాటు చదివినవాడే, పడమర డెల్టాలో పశువుల డాక్టరు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి. మలేరియా అని మందులు, టైఫాయిడ్ అని మందులు, ఆఖరికి టీబీ అనుమానం. నెలలు గడిచాయి. చూడటానికి వెళ్ళినప్పుడు "ఈ మధ్య ఈసుకుపోయిన గేదెల మాయ ఎన్నిటికి తీశావురా?" అని అడిగాను. "లెక్కెట్టలేదు" అన్నాడు. ఉత్త చేతులతోనే. పరీక్ష చేయిస్తే బ్రూసెల్లా, ఈసుకుపోయిన పశువుల నుంచి మనుషులకు అంటుకునే క్రిమి. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు వాడితే లేచాడు. అతన్ని చూసిన మనుషుల డాక్టర్లు తెలివైనవాళ్ళే. "మీరేం పని చేస్తారు" అని వాళ్ళు అడగలేదు. పశువుల డాక్టరై ఉండి వీడూ చెప్పలేదు.

నా అసలు పని మొదలైంది ఒక రైసుమిల్లు దగ్గర. భీమవరం చుట్టుపక్కల ఓ మిల్లు యజమాని తన ఆల్సేషియన్‌ను తెచ్చారు. వాంతులు, తిండి లేదు, చిక్కటి టీ రంగులో మూత్రం. కనురెప్ప కిందికి లాగి చూస్తే పసుపు ముద్ద. వానాకాలం, మిల్లు, ధాన్యం, ఎలుకలు. ఎలుక మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరా అనే క్రిమి మీదికి నా అనుమానం పోయింది. సెలైన్ ఎక్కిస్తూ, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగాను. అందరూ బాగున్నారు. అప్పుడు పాలేరు కుర్రాడు గుర్తొచ్చాడు. ప్రశ్న మార్చాను.

"దీనికి అన్నం పెట్టేదెవరండి? రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుంది?"

"గోడౌను దగ్గర వాచ్‌మన్ ఉన్నాడండి. అతని దగ్గరే ఉంటుంది."

"అతనేడి?"

"జ్వరం అని నాలుగు రోజుల్నించి రావట్లేదండి."

మిల్లు గుమాస్తాను వెంటబెట్టుకుని ఆ మనిషి ఇంటికి వెళ్ళాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ ఎరుపు వెనక పసుపు. పిక్కలు ముట్టుకోనివ్వడం లేదు. ఇంట్లోవాళ్ళు కామెర్లని ఆకుమందు ఇప్పిస్తున్నారు. నేను మనుషులకు మందు రాయకూడదు. ఒక చీటీ మీద, "ఇతను పనిచేసే చోట కుక్కకు లెప్టోస్పైరోసిస్ అనుమానం, ఎలుకలు ఎక్కువ, దయచేసి చూడండి" అని రాసి ఆసుపత్రికి పంపాను. అక్కడి డాక్టరు ఆ చీటీ చదివారు. ఈ దేశంలో అదేం చిన్న విషయం కాదు. పెన్సిలిన్ మొదలుపెట్టారు, మనిషి బతికాడు. కుక్క మూత్రపిండాలు మాత్రం అప్పటికే పాడయ్యాయి, దక్కలేదు.

కుక్క నుంచి మనిషికి వచ్చిందా, ఇద్దరికీ ఎలుక నుంచే వచ్చిందా? ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు తిప్పింది.

ఈ జబ్బు పాతదే. తీవ్రమైన రూపాన్ని 1886లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వైల్ వివరించాడు. 1915లో జపాన్‌లో ఇనాడా, ఇదో అనే ఇద్దరు కారణమైన క్రిమిని పట్టుకున్నారు. మెలితిరిగిన దారప్పోగులా ఉండి, కొసలు కొక్కెంలా వంగి ఉంటాయి. ఎలుకకు ఏ బాధా ఉండదు. దాని మూత్రపిండాల్లో కాపురం పెట్టి మూత్రంతో బయటికి వస్తూ ఉంటుంది. తడి నేలలో, నిలవ నీళ్ళలో వారాల తరబడి బతుకుతుంది. కాలి పగుళ్ళలోంచి, చిన్న గాట్లలోంచి, కంటి పొరల్లోంచి లోపలికి పోతుంది. ఇప్పుడు మన డెల్టాను తలుచుకోండి. సార్వా ఊడ్పులు, మోకాలి లోతు బురద, గట్టు నిండా ఎలుకల బొరియలు, బోదెలో స్నానాలు. ఈ క్రిమికి ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

పరిశోధన అంటే తెల్లకోటు, మైక్రోస్కోపు అనుకుంటారు. నా మొదటి ఏడాది మొత్తం తప్పులతోనే గడిచింది. ఊరూరా తిరిగి కుక్కల నుంచి రక్తం తీశాం. సీరంను బతికున్న లెప్టోస్పైరా రకాలతో కలిపి, అవి గుంపులుగా అతుక్కుంటున్నాయా అని డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపులో చూసే పరీక్ష అది. మ్యాట్ అంటాం. పాజిటివ్‌లు చూసి పొంగిపోయాం. ఓ జూనియర్ అమ్మాయి భయపడుతూనే అడిగింది. "సార్, వీటిలో వ్యాక్సిన్ వేసినవి ఎన్ని?" కుక్కలకు ఏటా వేసే కలిపిన టీకాలో లెప్టో కూడా ఉంటుంది. దానివల్ల కూడా మ్యాట్ పాజిటివ్ వస్తుంది. టీకా కార్డులు మేం చూడనే లేదు. ఆ కాగితాలన్నీ పక్కన పెట్టేశాం. ఆ అమ్మాయికి మాత్రం మా ఆవిడ చేత పూతరేకులు తెప్పించి ఇచ్చాను.

రెండో తప్పు నాదే. ఒక జబ్బు కుక్క రక్తాన్ని డార్క్ ఫీల్డ్ కింద పెట్టి చూస్తే నల్లటి ఆకాశంలో వెండి దారాలు ఊగుతున్నాయి. అందరినీ పిలిచి చూపించాను. టీ, సమోసాలు కూడా అయ్యాయి. మర్నాడు పక్క డిపార్ట్‌మెంటు పెద్దాయన వచ్చి చూసి, "ఇవి ఈదట్లేదయ్యా, కొట్టుకుపోతున్నాయి. ఫైబ్రిన్ పోగులు" అన్నారు. రక్తం గడ్డకట్టేటప్పుడు వచ్చే దారాలు. చాలామంది ఇక్కడే బోల్తాపడతారని తర్వాత పుస్తకాల్లో చదివాను. ముందు చదివి ఉంటే సమోసాల ఖర్చు తప్పేది.

మూడోది మూత్రం. ఆమ్లగుణమున్న మూత్రంలో లెప్టోస్పైరా ఎక్కువసేపు బతకదు. తీసిన రెండు గంటల్లోపే క్రిములను పెంచే మీడియంలో వేయాలి. సఖినేటిపల్లి వైపు ఓ ఊళ్ళో తీసిన నమూనా జేబులో పెట్టుకుని రేవుకొస్తే అవతల నరసాపురం ఒడ్డున పంటు ఆగిపోయి ఉంది, ఆటు మీద ఇసుకలో పట్టేసిందన్నారు. గోదారి ఒడ్డున గంటన్నర కూర్చున్నాం. ఆ తర్వాతి నుంచి మీడియం ట్యూబులే మాతోపాటు పడవెక్కాయి. కుక్క పక్కనే, అరుగు మీదే, స్పిరిట్ దీపం వెలిగించి అక్కడికక్కడే వేసేవాళ్ళం. ఊళ్ళో పిల్లలు ఏదో పూజ అనుకుని చెప్పులు విప్పి కూర్చునేవారు.

వేశాక ఓపిక పట్టాలి. ఇతర బ్యాక్టీరియా మర్నాటికే పెరుగుతాయి. ఇది వారాలు తీసుకుంటుంది, ఒక్కోసారి మూడు నెలలు. చిక్కగా ఉన్న మీడియంలో పై నుంచి కాస్త కిందికి మబ్బులాంటి ఒక పట్టీ కడుతుంది, డింగర్ రింగ్ అంటారు. వేరే బ్యాక్టీరియా చొరబడకుండా క్యాన్సర్ మందు ఫైవ్ ఫ్లోరోయురాసిల్ కలుపుతాం. ఎలుక మూత్రపిండం నుంచి వేసిన ఒక ట్యూబులో మొదటిసారి ఆ మబ్బు పట్టీ కనిపించిన రోజు నేనెవర్నీ పిలవలేదు, టీ కూడా తెప్పించలేదు. కొక్కెం కొసలతో గిరగిరా తిరుగుతూ ఈదుతున్నాయి. ఒక్కణ్ణే అరగంట చూశాను.

ఆ ఎలుకలు పట్టించినది ఎలక బుట్టలు పెట్టే మనిషి ఒకాయన. సాయంత్రం పొలంలో బుట్టలు పెట్టి, తెల్లారకముందే వెళ్ళి ఏరుకొస్తాడు. రైతులు ఎలుకకు ఇంత అని ఇస్తారు. ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది వదిలేసిందో, నోటి దగ్గరి మట్టి చూసి చెప్పేవాడు. నాకు పీహెచ్‌డీ ఉంది కానీ ఆ విద్య రాలేదు. ఒకరోజు ఆయన రక్తం కూడా అడిగి తీసుకున్నాం. మ్యాట్‌లో గట్టిగా పాజిటివ్. అంటే ఎప్పుడో జబ్బు తగిలి పోయింది. "ఏదో ఏడు కామెర్లొచ్చి పోయేవాణ్ణేనండి" అన్నాడు నవ్వుతూ. ఏం చెప్పాలి ఇలాంటి మనిషికి? పుస్తకంలో ఉన్నట్టే గంబూట్లు వేసుకోమన్నాను.

"మీరు నడిచి చూపించండి డాక్టరుగారండి" అన్నాడు.

దమ్ము చేసిన చేలో గంబూట్లతో దిగాను. నాలుగో అడుగుకు బూటు బురదలోనే ఉండిపోయి కాలు మాత్రం బయటికి వచ్చింది. గట్టు మీద ఊడ్పులకొచ్చిన ఆడవాళ్ళు నవ్విన నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది. తర్వాత ఇద్దరం గట్టు మీద కూర్చుని వేరే ఒప్పందం చేసుకున్నాం. గాటు పడితే కట్టు కట్టుకుని దిగాలి. పొలం నుంచి రాగానే బోదెలో కాకుండా బోరింగు దగ్గర సబ్బుతో కాళ్ళు కడగాలి. జ్వరం, పిక్కల నొప్పి వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, పోయి డాక్టరు అడక్కపోయినా "నేను ఎలకలు పట్టేవాణ్ణండి" అని ముందే చెప్పాలి. ఆయన పాటించింది ఎంతో నాకు తెలీదు. చివరిది మాత్రం పాటించాడు, ఊళ్ళో నలుగురికి నేర్పాడు కూడా.

ఇక మిల్లు ప్రశ్న. చాలాచోట్ల కుక్కల్లో, మనుషుల్లో, ఎలుకల్లో ఒకే రకం వైపు మ్యాట్ వేలు చూపించింది. నా మటుకు నాకు అర్థమైంది ఏమంటే, ఆ మిల్లులో కుక్క, వాచ్‌మన్ ఒకే ఎలుక ఇంటి చుట్టాలు. కుక్కకు ముందు బయటపడింది, అంతే.

ప్రొఫెసరయ్యాక నా చేతిలో ఉన్న కాస్త అధికారంతో ఒక పని చేశాను. ఓపీ కేసు షీటులో యజమాని పేరు, ఊరు, జంతువు వయసు ఉన్నచోట కింద పెన్నుతో ఒక గీత గీయించాను. "జంతువును ఎవరెవరు ముట్టుకుంటారు? వాళ్ళ ఆరోగ్యం?" యజమాని ఎవరని కాదు, ముట్టుకునేదెవరని. విద్యార్థులు మొదట్లో అందరికీ "కుటుంబ సభ్యులు - బాగున్నారు" అని రాసి పడేసేవారు. వాళ్ళను బయటికి పంపి మళ్ళీ అడిగి రమ్మనేవాణ్ణి. అడిగితే బయటికొచ్చేవాళ్ళు పనిమనిషి, డ్రైవరు, పాలు పోసే అమ్మాయి, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకు. కొన్నాళ్ళకు ఒక చోట కంప్యూటర్లో నమోదు వచ్చింది. ఆ సాఫ్ట్‌వేరులో నా గీతకు గడి లేదు. అడిగితే "రిమార్క్స్‌లో రాసుకోండి సార్" అన్నారు.

క్లినిక్కులోకి అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవాలనీ, సున్నా, ఏడు, ఇరవై ఒకటి లేదా ఇరవై ఎనిమిదో రోజున అని కూడా పట్టుబట్టాను. గొర్రె మెదడు వ్యాక్సిన్ తయారీ మన దేశంలో 2004 చివరికి ఆగిపోయింది. ఇప్పటివాటికి గడ్డలు లేవు, కాలివేళ్ళు కదిపి చూసుకునే భయమూ లేదు. అయినా సూది అనగానే తల తిరిగే కుర్రాళ్ళు ఏటా ఇద్దరైనా ఉండేవారు. వాళ్ళకు నా పొట్ట కథ చెప్పేవాణ్ణి. విని ఇంకాస్త తల తిరిగేది.

రిటైరయ్యాక కోనసీమలో మా పాత ఇంటికి వచ్చేశాను. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లోని జనమంతా ఏటిగట్టు ఎక్కారు. మనుషులు, గేదెలు, మేకలు, కుక్కలు, వాటితోపాటు బొరియల్లోంచి తప్పించుకొచ్చిన ఎలుకలు, అందరికీ ఒకటే గట్టు. పశువుల శిబిరానికని వెళ్ళి గేదెలకంటే ఎక్కువగా జనం కాళ్ళ పగుళ్ళు చూస్తూ తిరిగాను. అక్కడి మెడికల్ క్యాంపులో కుర్ర డాక్టరమ్మ ఒకావిడ జ్వరంతో వచ్చిన ప్రతివాణ్ణీ "వరద నీళ్ళలో ఎంతసేపు ఉన్నావు?" అని అడుగుతోంది. అది విని ఆవిడ టెంటు దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను. "ఏంటండీ తాతగారూ, జ్వరమా?" అంది.

పోయిన నెల రాత్రి భోంచేస్తుంటే ఫోన్. నా దగ్గర చదువుకున్న కుర్రాడే, రాజోలు వైపు పనిచేస్తున్నాడు. గొంతులో కంగారు.

"సార్, లాబ్రడార్. దవడ జారిపోయింది, చొంగ కారుతోంది. ఓనరు ఎముక అంటున్నాడు సార్."

"చెయ్యి పెట్టావా?"

"లేద్సార్. టార్చ్ వేసి దూరం నుంచే చూశాను. వేరే గదిలో పెట్టించాను."

"ఎవరెవరు ముట్టుకున్నారు?"

"నలుగురు సార్. అందరికీ సబ్బుతో కడిగించాను, ఆసుపత్రికి పంపిస్తున్నాను."

నేనేం అనలేదు. అన్నం చేతిలోనే ఉంది. అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఫోను పక్కకు పెట్టి వాడు వేరే గొంతుతో, మన గోదారి గొంతుతో అడగడం వినిపించింది. "ఏవండీ, దీనికి స్నానం చేయించేదెవరండి? రోడ్డు మీదికి తిప్పేదెవరు? నిన్న ఎముక తీద్దామని ఎవరైనా చూశారా?" ఎవరో ఏదో చెబుతున్నారు. ఒక ఆడమనిషి గొంతు, తర్వాత దూరంగా ఎవర్నో పేరు పెట్టి కేకేయడం.

"సార్," అన్నాడు మళ్ళీ ఫోను ఎత్తి, "ఆరుగురు. ఉండండి సార్... పక్కింటి కుర్రాడు కూడా వస్తున్నాడు."